ఏజెన్సీ కొండల్లో ప్రేమ: కొరాపుట్ నవలల వెనుక చరిత్ర

లోకానికి దూరంగా, రాకపోకలు అరుదైన చోట సాగే ప్రేమకథలను పాఠకులు ఎప్పుడూ ఇష్టపడుతూనే వచ్చారు. అటువంటి కథలకు పాశ్చాత్య నవలాకారులు తరచుగా మారుమూల దీవులను ఎంచుకోగా, తూర్పు కనుమల సాహిత్యంలో ఆ స్థానం కొరాపుట్ పీఠభూమికి దక్కింది. దీవికి సముద్రం ఎలాగో, దట్టమైన అడవులూ మలేరియా జ్వరాలూ నిటారు ఘాట్లూ ఈ పీఠభూమికి అలాగ చాలా కాలం ఎల్లలుగా నిలిచాయి. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్‌కు ఎక్కే ఘాట్ రోడ్డే తెలుగు మైదానానికీ ఈ ఎగువ సీమకూ ముఖ్యమైన దారి. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం (1,672 మీటర్లు) ఈ సీమలోనే ఉంది.

ఈ దూరానికి ప్రకృతితో పాటు చట్టం కూడా కారణమైంది. 1839లో ఆంగ్ల ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ చట్టాల నుంచి తప్పించి, కలెక్టరునే ప్రభుత్వ ఏజెంటుగా నియమించి, పాలనాధికారాన్నీ న్యాయాధికారాన్నీ ఆయన చేతిలోనే ఉంచింది. తెలుగువారు నేటికీ కొండ ప్రాంతాన్ని ‘ఏజెన్సీ’ అని పిలవడం ఆ ఏర్పాటు ఫలితమే. జయపురం సంస్థానం కింద ఉండిన ఈ సీమ 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా కొనసాగి, ఆ తరువాత కొరాపుట్ జిల్లా అయింది. 1992లో ఆ జిల్లా విడిపోయి రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ వేరు జిల్లాలయ్యాయి.

ఇక్కడి సమాజాల్లో యౌవన ప్రేమ రహస్య వ్యవహారం కాదు. దానికి ఊరిలో ఒక చోటూ, ఏడాదిలో ఒక కాలమూ, అందరూ పాటించే ఒక కట్టుబాటూ ఉండేవి. దేశియా అనే స్థానిక ఒడియా మాండలికంలో పెళ్లికాని యువకుణ్ణి ధాంగ్డా అనీ, యువతిని ధాంగ్డీ అనీ అంటారు. వారు రాత్రివేళ వేరువేరుగా పడుకునే సామూహిక గృహాలు అనేక తెగల్లో ఉండేవి. ఆనాడు కొరాపుట్ జిల్లాలోనే ఉండిన బోండాల్లో యువతుల గృహాన్ని ‘సెలానీ దింగో’ అంటారని, పొరుగూళ్ల యువకులు అక్కడికి వచ్చి పాటలతో, కానుకలతో అమ్మాయిల మనసు గెలుచుకునేవారని వెరియర్ ఎల్విన్ 1950లో ప్రచురించిన తన బోండా గ్రంథంలో వివరించాడు. ఒకే ఊరివారు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లతో సమానమన్న నియమం వల్లనే యువకులు జతను వెతుక్కుంటూ పొరుగూరికి వెళ్లవలసి వచ్చేది. ఈ విధంగా ప్రేమ ఊళ్లను కలిపే బంధం కూడా అయింది. వేటతో, ఢెమ్సా నృత్యంతో సాగే చైత్ర పర్వం ఈ పరిచయాలకు అనువైన కాలం. అరకు ప్రాంతంలోని ఇటుకల పండుగా, థింసా నృత్యమూ తెలిసిన తెలుగువారికి ఇది పరాయిగా తోచదు.

రాయగడ జిల్లాలోని నియమగిరి కొండల్లో నివసించే డోంగ్రియా కోంధుల దగ్గర ఈ ఆచారానికి నేటికీ ఒక వస్తురూపం కనిపిస్తుంది. ముతక నూలు బట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండలను పోలిన త్రికోణాలనూ గీతలనూ కుట్టి యువతులు తయారుచేసే ‘కపడాగండా’ శాలువను వారు అన్నదమ్ములకు గాని, మనసిచ్చిన యువకుడికి గాని కానుకగా ఇస్తారు. ఈ శాలువకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

అయితే ప్రేమ పెళ్లిగా మారాలంటే ఓలి, అంటే వరుడి వైపువారు వధువు ఇంటికి చెల్లించే సొమ్ము, కావలసి వచ్చేది. నగదు ఆర్థికవ్యవస్థ కొండలెక్కిన తరువాత ఓలికీ, అటవీశాఖ జరిమానాలకూ, కరువు కాలపు తిండికీ షావుకారి దగ్గర అప్పు చేయక తప్పలేదు; ఆ అప్పు తీరేదాకా అతని పొలంలో వెట్టిచాకిరీ చేసే మనిషిని ‘గోతి’ అనేవారు. ఒడిశా ప్రభుత్వం 1948లో ఈ పద్ధతిని రద్దు చేస్తూ ప్రత్యేక నిబంధన తెచ్చింది. దేశవ్యాప్త చట్టం 1976లో గాని రాలేదు.

ప్రేమ ఆచారమూ అప్పు వ్యవస్థా ఢీకొన్న ఈ చోటునే గోపీనాథ మహాంతి (1914–1991) తన నవలలకు కేంద్రం చేసుకున్నాడు. కటక్ జిల్లాలో పుట్టి, 1938లో ప్రభుత్వ పాలనా సర్వీసులో చేరి, చాలా ఏళ్లు కొరాపుట్ సీమలో పనిచేసిన ఈ రచయిత 1945లో వెలువరించిన ‘పరజా’లో శుక్రు జాని అనే రైతు కుటుంబం కథ చెప్పాడు. ఆ ఇంటి కూతురు జిలీ బాగ్లాను, కొడుకు మాండియా కాజోడీని ప్రేమిస్తారు. కూతురిపై కన్నువేసిన అటవీ ఉద్యోగిని తండ్రి కాదన్నందుకు పడిన జరిమానా, దానికోసం చేసిన అప్పు ఆ కుటుంబాన్ని గోతిగా మార్చి, రెండు జంటల ఆశలనూ తారుమారు చేస్తాయి.

మహాంతి ‘అమృతర సంతాన’ నవల కోంధుల జీవితాన్ని చిత్రిస్తూ, దివుడు, అతని భార్య పుయు, అతణ్ణి ఆకర్షించిన మరో యువతి పియోటి మధ్య నడుస్తుంది. ఒడియా భాషకు దక్కిన తొలి సాహిత్య అకాడెమీ పురస్కారం (1955) ఈ నవలదే. ఘాట్ కిందనే ఉన్న సాలూరులో 1904లో జన్మించిన పురిపండా అప్పలస్వామి దీనిని ‘అమృత సంతానం’గా తెలుగులోకి తెచ్చాడు. కోంధులు మాట్లాడే కువి తెలుగుతో పాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందిన భాష కావడం వల్ల, తెలుగు పాఠకుడు ఈ నవలలో చదివేది తన భాషకు చుట్టమైన భాష మాట్లాడేవారి బతుకునే.

మహాంతి అడవిని దూరం నుంచి చూసి అందంగా వర్ణించినవాడు కాదు. ఆయన రాయగడలో స్పెషల్ అసిస్టెంట్ ఏజెంటుగా ఉన్నప్పుడు ఆదివాసుల పక్షాన నిలుస్తున్నాడని ఆరోపిస్తూ అక్కడి భూస్వాములూ వడ్డీ వ్యాపారులూ 1953లో ప్రధాని నెహ్రూకే ఫిర్యాదు పంపారు. మారుమూల సీమలో హాయిగొలిపే ప్రేమకథను కోరే పాఠకులకు ఈ నవలల్లో చైత్ర రాత్రుల పాటలూ, పండుగల సందడీ, నిండైన అనురాగమూ దొరుకుతాయి గాని, ప్రతి కథా సుఖాంతమవుతుందన్న హామీ దొరకదు. ఆ హాయినీ, దానిని చెరిచిన అప్పునూ ఒకే పుటలో చూపినందువల్లనే అవి చరిత్రకు కూడా నమ్మదగిన ఆధారాలుగా నిలుస్తాయి. తెలుగు పాఠకులు మొదట ‘అమృత సంతానం’తో ప్రారంభించి, ఆపై ‘పరజా’ను చదవడం ఉచితం.