క్లచ్ పెడల్ వెనక పాస్కల్

పాత జీపుకు మరో బండి గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు అసలు చిక్కు క్లచ్ దగ్గర వస్తుంది. పెడల్ తోసే మాస్టర్ సిలిండర్ బాడీకి బిగించి ఉంటుంది. ఫోర్కును నెట్టే స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్‌తో పాటు వస్తుంది. రెండు బళ్ల సామాన్లకు ఒక్క పైపుతో పొత్తు కుదర్చాలి. ఆ పొత్తుకు సూత్రం మూడున్నర శతాబ్దాల నాటిది.

మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ తేల్చాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1663లో, ఈ సంగతి వివరించే ఆయన గ్రంథం అచ్చయింది. 1795లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా దీని ఆధారంగా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. 1917లో అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ ఈ సూత్రాన్ని కారు బ్రేకులకు తెచ్చాడు. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రాలకూ ఆయిల్ బ్రేకులే. తర్వాత ఇదే ఏర్పాటు క్లచ్‌కూ వచ్చింది. కడ్డీ అయితే తిన్నగా సాగాలి, కేబుల్ మరీ వంగితే బిగుసుకుంటుంది; ఆయిల్ పైపు మాత్రం ఇంజిన్‌ను చుట్టుకొని ఎటైనా పోతుంది. గేర్‌బాక్స్ మార్చేవాళ్లకు పెద్ద వెసులుబాటు అది.

తొలినాళ్ల బ్రేక్ ఆయిల్‌లో ఆముదం, ఆల్కహాల్ కలిసేవి. మన పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదమే. ఇప్పుడు వాడేది గ్లైకాల్ రకం. దాని బదులు ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి.

1962లో టీవీఎస్ వర్గం, బ్రిటన్ లూకాస్ కలిసి మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియా పెట్టడంతో గిర్లింగ్ రకం బ్రేకు సామాను మన దగ్గరే తయారైంది. 1980ల్లో జపాన్ పొత్తుతో చిన్న లారీలు వచ్చాయి. వాటిలో ఆల్విన్ నిస్సాన్ జహీరాబాద్‌లో తయారైంది. అలాంటి జపాన్ బళ్ల మాన్యువళ్లలో కనిపించే 15.87, 19.05 మిల్లీమీటర్ల కొలతలు నిజానికి 5/8, 3/4 అంగుళాలే.

వర్గల్‌లో ఇలా గేర్‌బాక్స్ మార్చే పని పెట్టుకున్నవాళ్లు రాజీవ్ రహదారి ఎక్కి సికింద్రాబాద్ రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాలకు వెళ్లవచ్చు. వెళ్లేముందు రెండు సిలిండర్ల బోర్ (లోపలి వ్యాసం) కొలుచుకోవాలి. 5/8 అంగుళం మాస్టర్ 30 మిల్లీమీటర్లు కదిలితే 3/4 అంగుళం స్లేవ్ దాదాపు 21 మిల్లీమీటర్లు కదులుతుంది. బలం మాత్రం 1.44 రెట్లవుతుంది. స్లేవ్ ఇంకా పెద్దదైతే పెడల్ తేలికవుతుంది కానీ ఫోర్కు చాలినంత కదలదు, గేరు పడేటప్పుడు గరగరమంటుంది. పైపు నట్టునూ సరిచూడాలి. 3/8 అంగుళం మర, 10 మిల్లీమీటర్ల మర చూపుకు ఒకేలా ఉంటాయి. ఒకదాన్ని మరొకదానిలో బిగిస్తే మర పోతుంది, ఆయిల్ కారుతుంది.

గుజిరీలో దొరికిన సిలిండర్‌ను కొత్త రబ్బరు కిట్టు వేయకుండా బిగించకూడదు. లోపల గీతలు పడి ఉంటే చవకగా వచ్చినా వద్దనాలి. బండి మలుపులో ఉండగా క్లచ్ పోతే ప్రాణం మీదికి రావచ్చు. పాస్కల్ సూత్రం పనిచేయాలంటే పాత్ర మూసి ఉండాలి. ఆ పూచీ వాషర్ వేసే చేతిదే.