పగటి కునుకు కలలు

పట్టపగలు ఉన్నట్టుండి కన్ను మూతపడి, కొద్ది నిమిషాల్లోనే కళ్లకు కట్టినట్టు వచ్చే కలలను పగటి కునుకు కలలు అనవచ్చు. రంగులు, గొంతులు, ఒంటికి తగిలిన స్పర్శ, గుండెలు అదిరే భయం అన్నీ అందులో నిజంలాగే ఉంటాయి. చనిపోయిన పెద్దలు వచ్చి మాట్లాడటం, అయినవారికి ప్రమాదం జరగడం, వాకిట్లోంచి ఎవరో పేరు పెట్టి పిలవడం ఇలాంటి కలల్లో తరచుగా వినిపించే దృశ్యాలు. వీటిని జరగబోయేదానికి సూచనగా భావించేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఈ కలల స్పష్టత ఎవరో కల్పించి చెప్పేది కాదు. దానికి శరీర ధర్మంలోనే గట్టి కారణం ఉంది. కానీ ఆ కారణం నిద్ర ఏ దారిన మొదలైందో చెబుతుంది, రేపేం జరుగుతుందో చెప్పదు. కల ఎంత స్పష్టంగా ఉంటే అంత నిజమన్న నమ్మకంలో ఈ రెండూ కలిసిపోతాయి. వాటిని విడదీయకపోతే జబ్బును జోస్యంగా పొరబడే ప్రమాదం ఉంది.

షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియేల్ క్లైట్‌మన్ 1953లో నిద్రకు సంబంధించిన ఒక కీలక విషయాన్ని ప్రకటించారు. నిద్రలో కొన్ని సమయాల్లో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి, ఆ సమయంలో లేపితే చాలామంది కల చెబుతారు. దీనికే రెమ్ నిద్ర అని పేరు వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి నిద్రపట్టిన గంటకో గంటన్నరకో మొదటి రెమ్ దశ వస్తుంది. మొదట అది కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ పొడవు పెరుగుతుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్లలో అనుకోవడానికి ఇది కొంత కారణమై ఉండాలి. ఆ వేళ కలలు ఎక్కువ, పైగా చాలామందికి మెలకువ వచ్చేది కల మధ్యలోనే కాబట్టి అవి బాగా గుర్తుంటాయి. రెమ్ నిద్రలో భయానికి, ఉద్వేగానికి మూలమైన అమిగ్డలా చురుగ్గా పనిచేస్తుంది. ఇది సాధ్యమా, ఇది నిజమా అని ప్రశ్నించే మెదడు ముందు భాగాలు మందగిస్తాయి. నారడ్రినలిన్ విడుదల చేసే నాడీకణాలు దాదాపు మౌనంగా ఉంటాయి. కలలో కనిపించింది ఎంత అసంబద్ధమైనా అనుమానం రాకపోవడానికీ, లేచాక కూడా ఆ భయం ఒంట్లో మిగిలి ఉండటానికీ ఇదే మూలం.

పగటి కునుకులో పై క్రమం తారుమారు కావచ్చు. వరసగా కొన్ని రాత్రులు నిద్ర చాలనివారికి, అలవాటైన మద్యాన్ని గానీ కుంగుబాటు మందులను గానీ ఒక్కసారిగా ఆపేసినవారికి రెమ్ నిద్ర బాకీ పడుతుంది. అవకాశం దొరకగానే శరీరం ఆ బాకీని వేగంగా, ఎక్కువ మోతాదులో తీర్చుకుంటుంది. వేళ కూడా ముఖ్యమే. ఉదయం పూట తీసే కునుకులో రెమ్ పాలు ఎక్కువ, మధ్యాహ్నం భోజనమయ్యాక తీసేదానిలో తక్కువ. హైదరాబాద్‌లో అమెరికా వేళలకు పనిచేసి పొద్దున్నే ఇంటికి చేరి పడుకునే ఉద్యోగులకు చిత్రమైన, గాఢమైన కలలు వస్తే ఆశ్చర్యపడాల్సిన పని లేదు. రెమ్ దాకా వెళ్లకుండానే, మెలకువకూ నిద్రకూ మధ్య సంధిలో ముఖాలు, మాటలు, పడిపోతున్న భావన కలగడం కూడా మామూలే. పేరు పెట్టి పిలిచినట్టు వినపడటం ఎక్కువగా ఈ కోవలోకే వస్తుంది.

ఈ విషయాన్ని అన్నిటికన్నా బాగా వివరించే ఉదాహరణ నార్కోలెప్సీ అనే జబ్బు. 1880లో ఫ్రెంచి వైద్యుడు గెలినో దానికి ఆ పేరు పెట్టాడు. యూరప్, అమెరికా లెక్కల ప్రకారం సుమారు 2,000 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. మాట్లాడుతూ, తింటూ, పాఠం వింటూ ఉండగానే ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుంది. గంటన్నరకు రావాల్సిన రెమ్ దశ వీరిలో 15 నిమిషాల లోపే వచ్చేస్తుంది. కొందరికి పకపకా నవ్వినప్పుడు మోకాళ్లు సడలి కూలబడిపోవడం, నిద్ర అంచున కాలూ చెయ్యీ కదపలేకపోవడం, గదిలో ఎవరో ఉన్నట్టు తోచడం కూడా ఉంటాయి. మెలకువను నిలబెట్టే ఓరెక్సిన్ అనే రసాయనాన్ని 1998లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. దాన్ని తయారుచేసే మెదడు కణాలు నార్కోలెప్సీ రోగుల్లో నశించి ఉంటాయని 2000లో తేలింది. ఆ కాపలా పోవడంతో కల, మెలకువ ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో, కలలో జరిగినదాన్ని నిజంగా జరిగినట్టు పొరబడ్డామని నార్కోలెప్సీ ఉన్నవారిలో 83 శాతం మంది చెప్పారు. జబ్బు లేనివారిలో అలా చెప్పింది 15 శాతమే. స్పష్టత భవిష్యత్తుకు ఆనవాలే అయితే ప్రపంచంలో అందరికన్నా ముందుచూపు వీరికే ఉండాలి. వాస్తవంలో వీరు జరిగిన వాటికీ జరగని వాటికీ తేడా పట్టుకోలేక అవస్థ పడుతున్నారు.

ఇక జోస్యం సంగతి. ఒక కల భవిష్యత్తును చెప్పిందనడానికి కావలసిన కనీస సాక్ష్యం ఒక్కటే. సంఘటనకు ముందే కల రాతలో ఉండాలి. అలాంటి అవకాశం 1932లో దొరికింది. ఆ ఏడాది మార్చి 1న అమెరికాలో ప్రసిద్ధ విమాన చోదకుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎవరో ఎత్తుకుపోయారు. బిడ్డ ఏమయ్యాడో తెలియకముందే హార్వర్డ్ మనస్తత్వవేత్త హెన్రీ మరే, దీని గురించి వచ్చిన కలలను పంపమని పత్రికల ద్వారా కోరాడు. 1,300కు పైగా కలలు వచ్చాయి. మే 12న బిడ్డ మృతదేహం రోడ్డు పక్క చెట్ల మధ్య, పైపైన తవ్విన గోతిలో దొరికింది. వచ్చిన కలల్లో బిడ్డ చనిపోయినట్టు చెప్పినవి 5 శాతం. మరణం, గొయ్యి, చెట్లు మూడూ ఉన్నవి కేవలం నాలుగు. దేశమంతా ఆ బిడ్డ గురించే ఆందోళన పడుతున్న రోజుల్లో ఊహకు అందే సంగతులే ఇవి. నాలుగు కుదరడం కన్నా 1,300 కలల్లో నాలుగే కుదరడం గమనించాల్సిన విషయం.

బ్రిటిష్ ఇంజనీరు జె.డబ్ల్యూ. డన్ 1927లో ప్రచురించిన పుస్తకం ఈ నమ్మకానికి ఎక్కువ బలం ఇచ్చింది. 1902లో ఒక ద్వీపంలో అగ్నిపర్వతం పేలబోతోందనీ, 4,000 మంది చనిపోతారనీ కలగన్నానని ఆయన రాశాడు. తర్వాత చేతికందిన పత్రికలో మార్టినిక్ ద్వీపంలోని పెలే పర్వతం పేలిన వార్త ఉంది. అందులోని 40,000 అంకెను ఆయన 4,000గా చదువుకున్నాడు. ఆ పొరపాటు ఎన్నో ఏళ్లకు గానీ బయటపడలేదు. నిజానికి చనిపోయినవారు 28,000 దరిదాపుల్లో ఉంటారు, అంటే రెండు అంకెలూ సరికావు. డన్ నిజాయితీ మీద సందేహం అక్కర్లేదు, తన పొరపాటును బయటపెట్టింది ఆయనే. అంత నిజాయితీపరుడి కన్ను కూడా కలకు అనుగుణంగా వార్తను చదివిందంటే, మామూలు జ్ఞాపకం కలను వార్తకు ఎంత సులువుగా సర్దుతుందో ఆలోచించాలి. 1966లో వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గుగని వ్యర్థాల గుట్ట బడి మీద కూలి 116 మంది పిల్లలతో సహా 144 మంది చనిపోయినప్పుడు, మానసిక వైద్యుడు జాన్ బార్కర్‌కు ముందే తెలిసిందంటూ 76 ఉత్తరాలు వచ్చాయి. అవన్నీ ఘోరం జరిగాక రాసినవే. సూచనలను ముందుగానే నమోదు చేయాలని 1967లో లండన్‌లో ఒక కేంద్రమే పెట్టారు. వందల హెచ్చరికలు చేరాయి గానీ ఒక్క విపత్తూ ఆగలేదు.

అయినా ఇంతమందికి కలలు నిజమయ్యాయి కదా, అందరూ అబద్ధమాడతారా అని అడగవచ్చు. అబద్ధమాడనక్కర్లేదు. ఒక కల మర్నాటి సంఘటనతో కాకతాళీయంగా కలిసే అవకాశం 10,000లో ఒకటి అనుకుందాం. రోజుకొక కల చొప్పున ఒక మనిషికి ఇది ఇంచుమించు 27 ఏళ్లకోసారి జరుగుతుంది. అతనికి అది మరపురాని అద్భుతం. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల పైచిలుకు. అదే లెక్కన రోజూ 8,000 మంది తెలుగువారికి ఏ మహిమా లేకుండానే కల నిజం కావాలి. కుదరని కలలను ఎవరూ పక్కింట్లో చెప్పుకోరు. న్యూయార్క్‌లోని మైమోనిడీస్ వైద్య కేంద్రంలో 1960లు, 70లలో కలల మీద చేసిన అతీంద్రియ ప్రయోగాలు ఫలించాయన్నది మరో వాదన. ఆ ఫలితాలను మిగతా ప్రయోగశాలలు నమ్మదగినట్టుగా తిరిగి రాబట్టలేకపోయాయి.

మన శాస్త్రాలు కలలను నమ్మాయి కదా అనేవారు చరక సంహిత ఇంద్రియస్థానం ఐదో అధ్యాయం చూడాలి. అక్కడ కలలు ఏడు రకాలు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి అనే ఐదింటికీ ఫలం లేదన్నారు. రాబోయేదాన్ని సూచించే భావికానికీ, శరీర దోషాల వల్ల వచ్చే దోషజానికీ మాత్రమే చోటిచ్చారు. అంతటితో ఆగక పగటి కలలనూ, మరీ చిన్న కలలనూ, మరీ పొడవైన కలలనూ నిష్ఫలమని తోసిపుచ్చారు. భావికాన్ని అంగీకరించిన ఆ గ్రంథమే పగటి కునుకు కలకు విలువ ఇవ్వలేదు.

దోషజం సంగతి వేరు, అక్కడ నేటి వైద్యం కూడా కలను పట్టించుకుంటుంది. రెమ్ నిద్రలో కండరాలు సడలిపోవాలి. అలా సడలక, కలలో తన్నినట్టూ కొట్టినట్టూ నిజంగానే చేతులూ కాళ్లూ విసిరే జబ్బును అమెరికా వైద్యులు 1986లో గుర్తించారు. 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో అలాంటివారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి 12 ఏళ్లలో పార్కిన్సన్స్ వంటి నాడీ వ్యాధులు వచ్చాయి. ఇక్కడ ముందుగా తెలిసేది కలలోని కథ వల్ల కాదు, కలగంటున్న శరీరం ప్రవర్తన వల్ల.

పగలు ఆపుకోలేని నిద్ర తరచుగా వస్తూ, కన్ను మూయగానే గాఢమైన కలలు వస్తుంటే, నవ్వినప్పుడు ఒళ్లు సడలిపోతుంటే దయ్యమనీ గాలి సోకిందనీ తాయెత్తులతో కాలం గడపవద్దు. న్యూరాలజిస్టుకు గానీ నిద్ర వైద్య నిపుణుడికి గానీ చూపించుకోవాలి. రాత్రంతా నిద్రను నమోదు చేసి, మర్నాడు రెండేసి గంటల తేడాతో నాలుగైదు కునుకులు తీయించి చేసే పరీక్ష ఉంది. నిద్రను అదుపులో ఉంచే మందులూ ఉన్నాయి. జబ్బు ఏమిటో తేలేదాకా అలాంటివారు బండి నడపకూడదు.