శాతవాహనులకు పూర్వపు గోదావరీతీర రాజులు: కోటిలింగాల నాణేల సాక్ష్యం

గోదావరిలో పెద్దవాగు కలిసేచోట ఉన్న కోటిలింగాల (నేటి జగిత్యాల జిల్లా) గోభద్ర, సమగోప, నారన వంటి రాజుల నాణేలను అందించింది. పురాణాల ఆంధ్రరాజుల పట్టికలో ఈ పేర్లు లేవు. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ‘రఞో గోభదస’ (గోభద్ర రాజుది) వంటి ముద్రలున్న ఆ నాణేలే వీరికి ప్రధానాధారం. క్రీ.పూ. 358లో మాసిడోనియా రాజు ఫిలిప్‌తో తలపడి ఓడిన ఇల్లీరియా రాజు బార్డిలిస్ పరిస్థితి ఇందుకు విరుద్ధం. అతని కథ పరాయివారైన గ్రీకు, లాటిన్ రచయితల కలం నుంచే మనకు చేరింది. గోభద్రునికి అటువంటి శత్రువుల సాక్ష్యమైనా దక్కలేదు.

అశోకుని 13వ శిలాశాసనం ఆంధ్రులను అతని ధర్మశాసనం చెల్లే జనులలో పేర్కొంది. కోటిలింగాలలో విద్ధాంక నాణేలూ లభించాయి. వాటిపై చిహ్నాలే తప్ప రాజుల పేర్లుండవు. అట్టి చోట ఒక స్థానిక పాలకుడు రాజబిరుదుతో తన పేరు ముద్రించుకొనడం స్వతంత్రాధికార ప్రకటనగానే గ్రహింపదగినది.

శ్రీముఖుడు కాణ్వులను కూలద్రోసెనని పురాణాలు చెప్పడంతో పరిశోధకుల దృష్టి చాలాకాలం మగధవైపే నిలిచింది. అతని నాణేలు కూడా కోటిలింగాలలోనే బయల్పడడంతో పి.వి. పరబ్రహ్మశాస్త్రి ప్రభృతులు శాతవాహనుల ఆవిర్భావాన్ని తెలంగాణలో వెదికారు. నాణెం వర్తకుని వెంట ఎంతదూరమైనా పోగలదన్న ఆక్షేపణ సబబే. కాని గోభద్ర, సమగోపుల నాణేలు ఒక్కచోటనే పదేపదే దొరకడాన్ని వర్తకంతో మాత్రమే సమర్థించడం కష్టం. శ్రీముఖుని నాణేలపైనా అదే ‘రఞో’ బిరుదు ఉంది. ముందటి రాజులు తమ పేర్లతో సరిపెట్టుకోగా, అతడు తన పేరు పక్కన ‘సాతవాహన’ అని వంశనామాన్ని చేర్చాడు.