బోధిసిరి: ఒక ఉపాసిక పేరు, దాని చరిత్ర

మన కుటుంబాలలో ఆడపిల్ల పుడితే సుజాత, యశోధర, గౌతమి, సంఘమిత్ర అనే పేర్లు తలపునకు వస్తాయి. అవన్నీ వందనీయమైనవే. అయితే మన కృష్ణా తీరంలోనే వెలసి, శతాబ్దాల పాటు మట్టిలో మరుగుపడి, తిరిగి వెలుగు చూసిన పేరు మరొకటి ఉంది. దానిని పెట్టుకొన్నవారు నేడు చాలా అరుదు. ఆ పేరు బోధిసిరి.

'బోధి' అనే మాటకు మూలం 'బుధ్' ధాతువు. మేల్కొనుట, ఎరుగుట అని దాని అర్థం. 'సిరి' అనేది 'శ్రీ' శబ్దానికి ప్రాకృత రూపం. సిరిసంపదలని నేటికీ పలుకుతున్న తెలుగువారికి దానిని వివరింపనక్కరలేదు. జ్ఞానమే సంపదగా గలది బోధిసిరి. ఇక్ష్వాకుల కాలంలో 'సిరి' స్త్రీల పేర్లకే పరిమితం కాలేదు. నాగార్జునకొండ మహాచైత్యానికి దాత్రియైన చాంతిసిరి భర్త పేరు కందసిరి.

క్రీ.శ. 3వ శతాబ్దిలో, వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో, విజయపురికి తూర్పున చులధమ్మగిరిపై బోధిసిరి ఒక చైత్యగృహాన్ని నిర్మింపజేసింది. తామ్రపర్ణి, అనగా సింహళ, ఆచార్యుల కొరకు దానిని సమర్పించింది. కాశ్మీర, గాంధార, చీనా, వంగ, వనవాసి మొదలైన దేశాల ప్రజలకు ధర్మమార్గం చూపినవారని ఆ ఆచార్యులను శాసనం కీర్తిస్తుంది.

ఆమె దానాలు అంతటితో ఆగలేదు. సింహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం, దేవగిరిలో ధ్యానశాల, పూర్వశైలంలో చెరువు, కంటకశైలంలో, అనగా నేటి ఘంటసాలలో, మహాచైత్యపు తూర్పు వాకిట రాతి మండపం ఆమె కట్టించినవే. ఇన్ని చేసిన ఆమె రాణి కాదు, రాజబంధువూ కాదు. గృహపతుల, వర్తకుల కుటుంబానికి చెందిన గృహిణి. ఆమె పేరుకు ముందున్న గౌరవపదం 'ఉపాసిక' ఒక్కటే.

ఈ శాసనంలో మనం ప్రత్యేకంగా గమనింపవలసినది బంధువుల పట్టిక. భర్త బుధింనకుడు. సోదరీమణులలో ఒకరు బుధంనిక, మరొకరు నాగబోధినిక. 'బుధ్' ధాతువు ఆ ఇంటి పేర్లలో పలుమార్లు పలుకుతుంది. ఆ కుటుంబానికి పేరు కేవలం పిలుపు కాదు, తాము నడిచే దారికి గుర్తు. పుణ్యంలో తన వారికి భాగం కల్పిస్తూ, కుమారులతోపాటు కుమార్తెను, కోడళ్లను కూడా ఆమె పేరుపేరునా చెక్కించింది. స్త్రీల పేర్లు చరిత్రకెక్కడమే అరుదైన కాలంలో ఒక సామాన్య గృహిణి చేసిన పని ఇది.

బౌద్ధం క్షీణించిన కొలదీ ఇటువంటి పేర్లు జనుల నోట వినిపించడం మానివేశాయి. శూద్రుని పేరు ఏవగింపు కలిగించేదిగా ఉండాలని మనుస్మృతి రెండవ అధ్యాయం శాసించింది. ఆ శాసనం గ్రంథానికే పరిమితం కాలేదని మన పెద్దల పేర్లే సాక్ష్యం చెబుతాయి. పెట్టిన పేరు ఒకటైతే, ఊరివారు పిలిచిన పిలుపు వేరొకటి. ఆ పిలుపులోని చులకనను మన తాతముత్తాతలు జీవితాంతం మోశారు.

నాగార్జునకొండ శిథిలాలు 1926లో లోకానికి తెలిశాయి. లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. ఓగెల్ శాసనాలను చదివి ప్రకటించాడు. ఆ విధంగా బోధిసిరి పేరు తిరిగి మనకు దక్కింది. తరువాత ఆ లోయను నాగార్జునసాగర జలాలు కప్పివేసినా, పేరు మాత్రం మునగలేదు.

1956 అక్టోబరు 14న నాగపురంలో బాబాసాహెబ్ అంబేద్కర్ దీక్ష స్వీకరించినది మొదలు, పిల్లలకు పేరు పెట్టడం మనకు ఒక ధర్మకార్యం అయింది. బోధిసిరి అనే పేరు పాతగా తోస్తుందనీ, బడిలో తోటి పిల్లలు వింతగా చూస్తారనీ కొందరు తల్లిదండ్రులు సంకోచించడం సహజమే. వారికి మేము చెప్పగలిగినది ఒక్కటే. ఇది మనం ఎక్కడినుండో అరువు తెచ్చుకొన్న పేరు కాదు. ఈ నేలమీద ఒక ఇల్లాలు తన సొంత సంపదతో నిలబెట్టిన పేరు. దాని అర్థమేమని బిడ్డ అడిగిననాడు ఈ కథ చెప్పండి. వీలైతే నాగార్జునకొండ మ్యూజియానికి తీసుకొనిపోయి, ఆ కాలపు రాళ్లను చూపండి.