పొరుగు పుటలు: వెబ్ వలయాలు, తెలుగు సంకలినులు, తిరుత్తణి పాఠకుడు

తిరుత్తణి అనగానే మురుగన్ కొండో, సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మస్థలమో గుర్తుకు రావడం సహజం. తెలుగు శాఖలో పనిచేసే మాబోటివారికి మాత్రం ముందుగా ఒక తేదీ గుర్తుకు వస్తుంది. 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి, తిరుత్తణి తాలూకాలో అధిక భాగం చిత్తూరు జిల్లా నుండి విడివడి మద్రాసు రాష్ట్రంలో చేరింది. దానికి బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. మధ్యవర్తి పటాస్కర్ అనుసరించిన సూత్రం తెలిసినదే. గ్రామాన్ని ప్రమాణంగా తీసుకోవాలి, అక్కడి భాషాధిక్యతను చూడాలి, ఆ గ్రామం తన భాషా ప్రాంతాన్ని ఆనుకొని ఉండాలి. ఈ మూడవ నియమం వల్ల, ఒక ఊరివారు ఇంట్లో ఏ భాష మాట్లాడినా, పొరుగూరు ఏ వైపున ఉందో దానిని బట్టి వారి బడి భాష నిర్ణయమయ్యే పరిస్థితి ఏర్పడింది.

నేలమీది పొరుగును మార్చుకోవడం ఎవరి చేతిలోనూ లేదు. చదువులో పొరుగును ఎంచుకోవచ్చునా అన్నదే ప్రస్తుత వ్యాసంలో మా ప్రశ్న. 1990ల నడుమ ఇంటర్నెట్‌లో వెలసిన 'వెబ్ రింగు' ఈ ప్రశ్నకు ఒక సమాధానం. ఒకే అభిరుచి గల పుటలను వరుసగా ముడివేసిన వలయం అది. దాని నిర్మాణాన్ని, నిర్వహణను కొంత వివరించి, తెలుగులో అది ఎందుకు నిలదొక్కుకోలేదో, దాని స్థానంలో ఏమి వచ్చిందో, సరిహద్దు ఇవతలి పాఠకుడికి ఏమి మిగిలిందో పరిశీలిస్తాము.

1994లో లండన్ ఇంపీరియల్ కళాశాలకు చెందిన డెనిస్ హోవ్ 'యూరోపా' అనే పేరుతో ఒక వలయాన్ని తలపెట్టాడు. అది ఒకే దిశలో సాగే గొలుసు. ప్రతి పుటలోనూ తరువాతి పుటకు దారి ఉంటుంది. కొత్తవారు చేరాలంటే ఎక్కడో ఒకచోట గొలుసు తెంచి, తమ పుటను ఇమిడ్చి, మళ్ళీ అతకాలి. ఈ పని చేతితో చేయవలసిందే. నడుమ ఒక్క పుట మూతపడినా ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. మరుసటి సంవత్సరం, 1995లో, అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో సేజ్ వైల్ అనే యువకుడు ఈ లోపాన్ని సవరించాడు. దారులను పుటలలో కాక ఒక కేంద్ర పట్టికలో ఉంచాడు. పాఠకుడు 'తరువాత' అన్నచోట నొక్కితే ఆ కోరిక ముందు కేంద్రానికి పోతుంది. కేంద్రం పట్టిక చూసి, ఫలానా పుట తరువాత ఎవరో తేల్చి, అక్కడికి పంపుతుంది. ఒకరు వెళ్ళిపోతే పట్టికలో ఒక వరుస కొట్టివేస్తే చాలు, వలయం తెగదు.

చేరే పద్ధతి ఇలా ఉండేది. దరఖాస్తు చేసుకున్నవారికి ఒక సంఖ్య, ఒక చిన్న కోడు ముక్క ఇచ్చేవారు. దానిని తమ పుట అడుగున అతికించుకుంటే 'వెనుక', 'తరువాత', 'ఎక్కడికైనా', 'జాబితా' అనే మాటలతో ఒక పట్టీ కనిపిస్తుంది. అంతవరకు ఆ పుట వరుసలో వేచి ఉంటుంది. వలయం పెద్ద వచ్చి, పట్టీ సరిగ్గా ఉందా, విషయం వలయానికి తగినదా అని చూసి లోనికి తీసుకుంటాడు. ఈ 'పెద్ద'ను ఇంగ్లీషులో రింగ్ మాస్టర్ అన్నారు. మాకు సర్కసు గుర్తుకు వస్తుంది గాని, ఆయన పని నిజానికి నీరుగట్టు పనికి దగ్గర. వారానికో నెలకో ఒకసారి వలయమంతా తిరిగి రావాలి. పట్టీ తీసివేసినవారికి ఉత్తరం రాయాలి, మూతపడిన పుటను తొలగించాలి, విషయం మార్చుకున్నవారితో తగవు పడాలి. జీతం లేదు. ఈ పని చేసినంతకాలమే వలయం.

తిరువళ్ళూరు జిల్లాలో ప్రయాణించినవారికి గొలుసుకట్టు చెరువులు పరిచయమే. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు నీరు. ఆ అలుగునే మన దక్షిణపు జిల్లాలలో కలుజు అనీ, తమిళంలో కలంగల్ అనీ అంటారు. పై ఊరివారు కలుజు ఎత్తు పెంచితే కింది ఊరు ఎండుతుంది, కట్ట తెగితే కింది ఊరు మునుగుతుంది. హోవ్ గొలుసు ఈ చెరువుల వంటిది. వైల్ వలయం అలా కాదు. అక్కడ ఏ పుటా మరొక పుట దయమీద ఆధారపడదు, అందరూ కేంద్రం మీద ఆధారపడతారు. ఈ తేడా చిన్నది కాదని తరువాతి కథ చెబుతుంది.

వైల్ ఏర్పాటు 1997లో ఒక చిన్న సంస్థ చేతికి, 1998లో జియోసిటీస్ చేతికి, 1999లో జియోసిటీస్‌తోపాటు యాహూ చేతికి పోయింది. 2000 సెప్టెంబరులో యాహూ పద్ధతి మార్చింది. పెద్దలు తమ ఇష్టప్రకారం తీర్చిదిద్దుకున్న పట్టీలు, ముఖపత్రాలు పోయి ఒకే అచ్చు వచ్చింది. పాత ఖాతాలను కొత్త యాహూ ఖాతాలకు మార్చుకోవలసి వచ్చింది. చాలామంది ఆ శ్రమ పడలేదు. 2001లో యాహూ దానిని వదులుకుంది గాని, అప్పటికే అనేక వలయాలకు పెద్దదిక్కు లేకుండా పోయింది. గొలుసులో ఒక్క ముడి తెగకుండా కాపాడిన కేంద్రమే చేతులు మారినపుడు అన్ని ముడులనూ ఒకేసారి సడలించింది.

తెలుగు సంగతికి వస్తాము. వలయంలో చేరడానికి ముందు తెలుగు పుట దాటవలసిన అడ్డంకి ఒకటుంది. అది అక్షరం. 1990ల తొలి సంవత్సరాలలో విదేశాలలోని తెలుగువారు ఇంటర్నెట్ చర్చా బృందాలలో కలుసుకున్నపుడు వారికి తెరమీద తెలుగు లిపి లేదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన లిప్యంతరీకరణ పద్ధతి వారికి ఉమ్మడి లిపి అయింది. చిన్నబడి రోమను అక్షరం రాస్తే 'న', పెద్దబడి రాస్తే 'ణ'. చిన్నదైతే 'ల', పెద్దదైతే 'ళ'. చదవడానికి కంటికి ఇంపు కాదు. అయినా ఎవరు ఎక్కడ రాసినా అందరూ చదవగలిగేవారు. ఒక వలయానికి కావలసిన కనీసపు ఉమ్మడితనం అందులో ఉంది.

తెలుగు లిపి తెరమీదికి వచ్చాక విచిత్రంగా ఆ ఉమ్మడితనమే పోయింది. పత్రికకు ఒక ఫాంటు, ప్రచురణకర్తకు ఒక ఫాంటు. ఒకరి పట్టికలో 'క' ఉన్న గడిలో మరొకరికి 'కొమ్ము' ఉండేది. 2001లో మాండలిక సేకరణకు వెళ్ళినపుడు తిరుత్తణి బస్టాండు దగ్గరి ఒక బ్రౌజింగ్ సెంటర్‌లో, విశ్రాంత తెలుగు పండితులొకరి పక్కన కూర్చుని మేము దీనిని కళ్ళారా చూచాము. మొదటి పుట తెలుగులో చక్కగా తెరుచుకుంది. అక్కడినుండి ఆయన మరొక తెలుగు పుటకు దారి నొక్కారు. తెరంతా ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, అరసున్నల వంటి గీతలు. "ఇదేంది సార్, పక్కింటికి పోతే అక్షరమే మారిపోతాది?" అన్నారాయన. ఆ సెంటర్ కంప్యూటర్లలో కొత్త ఫాంటు దించుకోవడానికి అనుమతి లేదు. గంట గడిచింది, డబ్బు ఇచ్చి లేచాము. ఆయన వేసిన ప్రశ్నకు మించిన వివరణ మాకు తరువాతి పుస్తకాలలో కనిపించలేదు. వలయం అంటే పక్కింటికి నడిచి వెళ్ళడం. అడుగడుగునా అక్షరం మారే వీధిలో ఎవరూ నడవరు.

తమిళులకూ ఇదే చిక్కు ఉండేది. అయితే వారు దానిని సమష్టిగా, కాస్త ముందుగా ఎదుర్కొన్నారు. 1998లో ప్రాచీన గ్రంథాలను ఎక్కించే 'మదురై ప్రాజెక్టు' మొదలైంది. 1999 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన 'తమిళ్ నెట్ 99' సదస్సులో సంకేతపు పట్టికల మీద, కీబోర్డు మీద నిర్ణయాలు జరిగాయి. ఆ నిర్ణయాలు అందరికీ నచ్చలేదన్నది వేరే మాట. 2004లో తమిళ బ్లాగులను ఒకచోట చూపే 'తమిళ్ మణం' వచ్చింది. తిరుత్తణి వంటి చోట రెండు భాషలూ చదివే ఇంటిలో ఈ వ్యవధి లెక్కకు వస్తుంది. పిల్లలు ఏ భాషలో ముందుగా పొరుగు దొరికితే ఆ భాషలోకి పోతారు.

తెలుగులో ముడి విప్పినది యూనికోడ్. 1991 నాటి తొలి రూపంలోనే తెలుగుకు చోటు ఉన్నా, సామాన్యుడి కంప్యూటరులోకి అది 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు ఆ లోటును ఇంకా తీర్చాయి. వెన్న నాగార్జున తయారుచేసిన 'పద్మ' అనే పరికరం పాత ఫాంటుల పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. 2006లో వీవెన్ 'లేఖిని'ని అందించారు. రోమను అక్షరాలతో టైపు చేస్తే తెలుగు లిపి వస్తుంది. అంటే, ప్రవాసులు పదిహేనేళ్ళుగా వేళ్ళకు అలవాటు చేసుకున్న పద్ధతి వ్యర్థం కాలేదు, లోపలి తలుపుగా మిగిలింది. అదే ఏడు ఆయనే 'కూడలి'ని నెలకొల్పారు.

కూడలి వలయం కాదు. వలయంలో పాఠకుడు ఒక ఇంటినుండి మరొక ఇంటికి నడుస్తాడు. కూడలిలో ఇళ్ళన్నీ తమ వార్తను నడివీధికి పంపుతాయి. ప్రతి బ్లాగు వెలువరించే మేతను యంత్రం కొంత వ్యవధికొకసారి తెచ్చుకొని, కొత్త టపాల శీర్షికలను, మొదటి పంక్తులను కాలక్రమంలో పేరుస్తుంది. బ్లాగు రచయిత తన పుటలో ఏ పట్టీ పెట్టనక్కరలేదు, పక్కవాడెవరో తెలియనక్కరలేదు. ఈ సౌకర్యంతోనే ఒక నష్టమూ వచ్చింది. వలయంలో ప్రతి పుటా పక్క పుటకు పూచీపడేది. సంకలినిలో పూచీ అంతా నిర్వాహకుడిదే. దేనిని చేర్చాలి, దూషణ రాసేవారిని తీసివేయవచ్చునా, తీసివేస్తే అది పక్షపాతమా అనే వాదాలు అన్నీ ఒక్కరి మీద వచ్చి పడేవి. వలయం పెద్ద పడిన తిట్లే ఇవి, కాకపోతే ఇక్కడ జనం ఎక్కువ.

భాషాశాస్త్రం చదువుకున్నవారిగా ఈ సంకలినుల పేర్ల దగ్గర కాసేపు ఆగక తప్పదు. కూడలి, జల్లెడ, హారం, మాలిక. వీటిలో ఏదీ ఇంగ్లీషు మాటకు అనువాదం కాదు. కూడలి అన్నవారు కలయికను చూచారు. జల్లెడ అన్నవారు ఏరివేతను చూచారు. హారం, మాలిక అన్నవారు పూలను గుచ్చిన దారాన్ని చూచారు. వలయానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చినవి ఈ చివరి రెండు పేర్లే, పనిలో మాత్రం అవి కూడలికి తోబుట్టువులు. 'టపా' అన్న మాట ఇంకా ముచ్చటైనది. తపాలా పాతబడుతున్న రోజులలో దాని పేరును బ్లాగు రచయితలు తమ రాతలకు పెట్టుకొని కొన్నాళ్ళు బతికించారు. పరిభాషా సంఘాలు ఏళ్ళ తరబడి చేసే పనిని ఒకరినొకరు రోజూ చదువుకునే కొద్దిమంది నెలలలో చేశారు. అది పొరుగు బలం.

ఆ పొరుగు తరువాత చెదిరింది. 2010 తరువాత రచయితలు క్రమంగా ఫేసుబుక్కుకు తరలిపోయారు. అక్కడ ఎవరి పక్కన ఎవరు కనబడాలో నిర్ణయించేది సభ్యులూ కారు, పెద్దా కాదు. ఉచిత స్థలాలలోని పాత పుటల గతి ఇంకా అన్యాయం. జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడినపుడు, ముందే దాచుకున్నవి, ఇతరులు నకలు తీసినవి తప్ప మిగిలినవి పోయాయి.

తిరుత్తణి పండితులను మేము మళ్ళీ కలిసినది 2008లో. ఈసారి ఇంట్లోనే కంప్యూటరు ఉంది, కూడలి తెరిచి ఉంది. పక్కింటికి పోతే అక్షరం మారడం లేదని నవ్వుతూ చెప్పారు. అయితే ఆయన మనుమరాలు ఆ తెరను చదవలేదు. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది, లిపి మాత్రం తమిళమే తెలుసు. 2006 నాటి తమిళాభ్యసన చట్టం తరువాత, తెలుగును మొదటి భాషగా చదివే వీలు ఇక్కడి బడులలో తరగతి తరువాత తరగతిగా తగ్గుతూ వచ్చింది. కనుక ఆ అమ్మాయి కోసం ఆయన ఒక ఉపాయం అడిగారు. "తెలుగు టపాను తమిళ అక్షరాల్లో చూపించే ఏర్పాటు ఉందా సార్?"

సూత్రరీత్యా అది కష్టం కాదు. యూనికోడ్‌లో భారతీయ లిపుల పట్టికలను ఒకే క్రమంలో అమర్చారు. తెలుగు 'క' సంఖ్య 3093, తమిళ 'క' సంఖ్య 2965. తేడా 128. రెండు లిపులలోనూ ఉన్న అక్షరాలకు చాలావరకు ఇదే తేడా. యంత్రం 128 తీసివేస్తూ పోతే సరి. చిక్కు తక్కిన అక్షరాల దగ్గర వస్తుంది. తెలుగు ఖ, గ, ఘలకు ఎదురుగా తమిళ పట్టికలో ఖాళీ గడులున్నాయి. వాటన్నిటికీ 'క'నే వాడక తప్పదు. మేము ఒక టపాలోని నాలుగు పంక్తులను అలా చేత్తో మార్చి రాసి ఇచ్చాము. అమ్మాయి తాతగారి పక్కన కూర్చుని చదివింది. 'గాలి' అన్నచోట 'కాలి' అని చదివి, వాక్యం కుదరక ఆగింది. ఒక క్షణం ఆలోచించి, తనంతట తానే 'గాలి' అని దిద్దుకుంది.