ఆచంద్రార్కం: దానశాసన పదాలు, వాటి అర్థాలు



జీర్ణోద్ధరణ పూర్తయి సంప్రోక్షణ జరుపుకొనే ఆలయాలలో దాతల పేర్లను రాతిపై చెక్కించడం మనకు పరిపాటి. మన గోదావరి సీమలో ఈ సంప్రదాయం శతాబ్దాల నాటిది. ద్రాక్షారామ భీమేశ్వరాలయ కుడ్యాలపైన, స్తంభాలపైన వందలాది శాసనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. అవి కేవలం కీర్తి ఫలకాలు కావు, న్యాయపత్రాలు. అటువంటి పత్రాలలోని ఒక్కొక్క పదం ఒక హక్కునో, ఒక బాధ్యతనో నిర్దేశిస్తుంది.

‘ధారాపూర్వకం’ అంటే నీటి ధారతో ఇచ్చినది. దానమంటే తన స్వామ్యాన్ని విడిచి ఇతరునికి స్వామ్యం కల్పించడమని ధర్మశాస్త్రం చెబుతుంది. విడిచిన నీరు తిరిగి దోసిట చేరదు. ఇచ్చిన సొత్తూ అంతే.

‘ఆచంద్రార్కం’ అంటే సూర్యచంద్రులున్నంత వరకు. దాత గతించినా, రాజ్యం మారినా దానం చెల్లుతుందనే గడువు షరతు ఇది. ‘సర్వకరపరిహారం’ తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో తరచు కనిపిస్తుంది. ఆ భూమిపై తనకు రావలసిన పన్నులన్నిటినీ రాజు వదలుకొన్నాడని దాని భావం.

ద్రాక్షారామ శాసనాలలో అధికభాగం ‘అఖండదీపం’ కోసం చేసినవే. ఒక దీపానికి సాధారణంగా 50 గొర్రెలను సమర్పించేవారు. వాటిని స్వీకరించిన బోయ నిత్యం మానెడు నెయ్యి పోయాలి. ఆ బాధ్యత అతని కొడుకులకు, మనుమలకు కూడా సంక్రమిస్తుంది. మంద పెరుగుతూ ఉంటుంది కనుక అసలు తరగదు. నేడు మనం శాశ్వత పూజకు మూలధనం కట్టి, దాని వడ్డీతో పూజ జరిపించడం ఇదే పద్ధతి.

తరువాతి కాలపు పత్రాలలో నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే ‘అష్టభోగాలు’ కనిపిస్తాయి. నేలపైనా, నేలలోనూ ఉన్నవే కాక ఇకముందు కలగబోయే ఫలం కూడా గ్రహీతదే అని వీటి తాత్పర్యం.

‘ఇనాం’ అరబ్బీ నుండి వచ్చిన మాట. ‘మాన్యం’ మనకు చిరపరిచితం. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను ఏర్పరచి, ఇటువంటి భూములను విచారించి హక్కుపత్రాలు ఇచ్చింది. దేవాలయ మాన్యాలను సేవ జరిగినంత కాలం అనుభవించాలనే షరతుపై స్థిరపరచింది.

ఇక ‘ధర్మకర్త’. ఈయన ధర్మాన్ని నడిపించేవాడే గాని ఆస్తికి యజమాని కాడు. దేవతామూర్తి న్యాయదృష్టిలో ఒక వ్యక్తియేనని 1925లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. ఆలయభూమికి దేవుడే యజమాని అనీ, అర్చకుడు ఆ ఆస్తిని నిర్వహించేవాడు మాత్రమేననీ 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆలయాల స్థిరాస్తిని ముందస్తు అనుమతి లేకుండా విక్రయిస్తే చెల్లదని మన 1987 నాటి దేవాదాయ చట్టం చెబుతోంది. నాడు ధారపోసిన నీరు చెప్పినదీ ఇదే.

కాబట్టి దాతలారా! మీ పేరుతోపాటు మీ దానం ఏ సేవకో, ఏ షరతుపైనో ఆలయ రిజిస్టరులో స్పష్టంగా వ్రాయించండి. పత్రం నకలును మీ పిల్లలకు అప్పగించండి. రాయి మిగిలినంత మాత్రాన దీపం వెలగదు. స్వయంగా దానమిచ్చుట కంటె ఇతరుల దానాన్ని కాపాడుట మిన్న అని మన పూర్వులు శాసనాల చివర పదే పదే చెక్కించారు. ఆ పుణ్యం నేడు మనందరికీ అందుబాటులో ఉంది.

శుభం భూయాత్.