కాంచళి మీద కుట్టిన చరిత్ర

లంబాడీల చరిత్ర అనగానే మనం ఎడ్ల బిడారుల గురించి, తాండా నాయకుల గురించి, సేవాలాల్ మహరాజ్ గురించి చెప్పుకుంటాం. ఆ బిడారు వెంట నడిచిన ఆడవాళ్ళ గురించి కాగితాల మీద దొరికేది చాలా తక్కువ. వాళ్ళ చేతిరాత బట్ట మీద ఉంది. మన ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగున మడిచి పెట్టిన కాంచళి, ఫేటియా, టుక్రి, గవ్వలు కుట్టిన సంచి ఒకప్పుడు యాడి తన కూతురి పెళ్ళికి ఏళ్ళ తరబడి కుట్టి దాచినవి. వాటిని బజారులో అమ్మడానికి ఎవరూ కుట్టలేదు.

తాడేపల్లి నుంచి పల్నాడు దాకా ఇప్పుడు పత్తి చేలు చూస్తూ పెరిగిన మనకు ఒక సంగతి వింతగా ఉంటుంది. 17, 18 శతాబ్దాల్లో కృష్ణా, గోదావరి డెల్టాల నేతపల్లెలకు ఇక్కడి పత్తి చాలేది కాదు. బీరారు నుంచి పత్తి వచ్చేది, దాన్ని మోసుకొచ్చింది మన ఎడ్లు. తిరిగి వెళ్ళేటప్పుడు కోస్తా ఉప్పు నింపుకొని పోయేవాళ్ళు. అంటే బందరు రేవు నుంచి ఓడలెక్కిన బట్టల వెనక రాట్నం ముందు కూర్చున్న రైతు ఇల్లాలు, మగ్గం మీది నేతగాడు ఎంత ఉన్నారో, ఆ పత్తిని మోసుకొచ్చిన తాండా కూడా అంతే ఉంది.

మన ఆడవాళ్ళు వడికింది ఎక్కువగా జనపనార. ఎద్దు వీపుకు రెండు వైపులా వేలాడే గోనెలకు అదే కావాలి. తాళ్ళు పేనడం, గోనె కుట్టడం, చిరిగితే అతుకు వేయడం రోజువారీ పని. ఆ గోనె కుట్టిన చేతులే తీరిక దొరికినప్పుడు కాంచళికి అద్దాలు కుట్టాయి. ఆ తీరిక వానాకాలంలో దొరికేది. నల్లరేగడిలో వాన పడితే బరువెత్తిన ఎడ్లు కదలలేవు. బిడారు ఒకచోట దిగిపోయేది, పెళ్ళిళ్ళు కూడా ఆ రోజుల్లోనే జరిగేవి. నలుగురు ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే పాట, కుట్టు కలిసి నడుస్తాయి. కొత్త పిల్ల పక్కనే కూర్చుని, చూసి నేర్చుకుంటుంది. పాతబడిన బట్టను పారేయడం అసలు లేదు. బాగున్న ముక్క కత్తిరించి కొత్త దానికి అతికేవాళ్ళు, బాగా నలిగినవి పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టేవాళ్ళు.

బిడారుల కాలం ముగియడానికి గుర్తులు తాడేపల్లిలోనే కనిపిస్తాయి. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయింది. దాని దక్షిణపు కొస సీతానగరం కొండ దగ్గర. అక్కడ మొదలైన కాలువ కొమ్మమూరు కాలువతో, అది బకింగ్‌హాం కాలువతో కలిసింది. ఎడ్ల మీద వెళ్ళే ఉప్పు పడవ ఎక్కింది. 1890 ప్రాంతానికి గుంటూరు మీదుగా గుంతకల్లు వైపు రైలు కూడా వచ్చేసింది. ఒక బండి మోసే సరుకుకు ఎన్ని ఎడ్లు కావాలో లెక్క వేసుకుంటే చాలు. మనవాళ్ళు వినుకొండ, మాచర్ల, యర్రగొండపాలెం వైపు అడవి అంచుల్లో తాండాలు కట్టుకొని సేద్యంలోకి, కూలిలోకి దిగారు. సూది మాత్రం కిందపెట్టలేదు.

ఆ మార్పంతా బట్ట మీద చదవవచ్చు. చేనేత గుడ్డ స్థానంలో మిల్లు గుడ్డ, చెట్ల రంగుల స్థానంలో డబ్బా రంగులు, ఉన్ని స్థానంలో నైలాను వచ్చాయి. అన్నిటికంటే తేలికగా చదవగలిగేవి నాణేలు. 1943 నుంచి 1947 దాకా యుద్ధం వల్ల లోహం ఆదా చేయడానికి మధ్యలో చిల్లు పెట్టిన కాణీలు వేశారు. సూదికి అంతకంటే ఏం కావాలి! (చేతిలో డబ్బు లేకపోతే తెలుగులో ‘చిల్లిగవ్వ లేదు’ అంటారు. మన అవ్వలకు మాత్రం గవ్వకు చిల్లి ఉంటేనే విలువ.) 1957 తరువాతవైతే నయాపైసలు కనిపిస్తాయి. ఒక జాగ్రత్త: పాత కాంచళి చిరిగితే దాని నాణేలు విప్పి కొత్త దానికి కుట్టేవాళ్ళు. కాబట్టి జార్జి చక్రవర్తి బొమ్మ ఉన్నంత మాత్రాన బట్ట అంత పాతదని అనుకోకూడదు. వాటిలో అన్నిటికంటే కొత్త నాణెం ఏదో చూడాలి. ఆ బట్టను చివరిసారి చేతిలోకి తీసుకుని కుట్టింది ఆ సంవత్సరం తరువాతే.

మన అమ్మలు ఈ కుట్టు ఎందుకు మానేశారని వాళ్ళను నిలదీయడం న్యాయం కాదు. అద్దాలు, గవ్వలు, నాణేలు ఉన్న బరువైన బట్టలతో ఎండలో మిరప కోతకు వంగి చూస్తే తెలుస్తుంది. పైగా బస్సులో, బడిలో వెక్కిరింపులు. చీర చవక, తేలిక, ఎవరూ తిరిగి చూడరు.

కర్ణాటకలోని సండూరులో కథ వేరేగా నడిచింది. 1984లో మొదలైన సండూర్ కుశల కళా కేంద్రం లంబాణీ ఆడవాళ్ళ కుట్టును ఉపాధిగా మార్చింది. 2010లో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జి-20 సమావేశం సందర్భంగా 450 మందికి పైగా ఆడవాళ్ళు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇది మనకు గర్వకారణమే. కూలి దొరికే కుట్టును తక్కువ చేసి చూడనక్కరలేదు. అయితే అక్కడ కుట్టే అమ్మకు ఆ సంచి ఎవరి భుజానికి వెళుతుందో తెలియదు. మన పెట్టెలో ఉన్నదాన్ని కుట్టిన అవ్వకు తెలుసు, ఆ భుజం కొలత కూడా తెలుసు. అలాంటి కాంచళిని పాత బట్టలు కొనేవాళ్ళకు ఇచ్చేస్తే వాళ్ళు దాన్ని ముక్కలు చేసి హ్యాండ్‌బ్యాగులకు, దిండు గలీబులకు అతుకుతారు. అద్దాలు మిగులుతాయి, ఎవరు ఎవరికోసం కుట్టారన్నది పోతుంది.

ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు పెట్టె తెరిపించండి. ముందువైపు ఫొటో అందరూ తీస్తారు, మీరు వెనకవైపు కూడా తీయండి. ముడులు, అతుకులు, లోపలి పాత గుడ్డ అక్కడే కనిపిస్తాయి. నాణేల మీది సంవత్సరాలు రాసుకోండి. ఏ పెళ్ళికి కుట్టారు, అప్పుడు తాండా ఎక్కడ ఉండేది, సూది పట్టడం ఎవరు నేర్పారు అని అవ్వను గోర్ బోలీలోనే అడిగి, ఆమె గొంతుతోనే ఫోనులో రికార్డు చేయండి. కుట్టు పేర్లను తెలుగులోకి మార్చకుండా ఆమె పలికినట్టే రాయండి. బట్టను మాత్రం సబ్బునీళ్ళలో నానబెట్టకండి, పాత ఎరుపు దిగిపోతుంది. నీడలో ఆరబెట్టి, తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, మడత మార్చి మళ్ళీ పెట్టెలో పెట్టండి.